కుడిచేతి ఉంగరం

నాకు పెళ్లయిందన్న సంగతి నేను చర్చి మెట్ల మీద విన్నాను. ఆదివారం పూజ అయ్యాక, మంచు మీద కాలు జారకుండా చూసుకుంటూ దిగుతుంటే అగాథా గారు నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ లోరెంజ్‌కి మేనత్త. లోరెంజ్ అంటే ఇండియానాలో, ఓల్డెన్‌బర్గ్ దగ్గర పొలమూ పాడీ ఉన్న మనిషి. భార్య పోయింది. ఆ చలికాలంలో సిన్సినాటి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో భోజనానికి కూర్చునేవాడు. నేను వండిన పంది మాంసం, పుల్ల క్యాబేజీ మాట్లాడకుండా తిని, ఈసారి వచ్చినప్పుడు మాట ఖాయం చేసుకుందామని మా నాన్నతో చెప్పి వెళ్లాడు. నాకు ముప్పై దాటి చాలా రోజులైంది. ఆ 'ఈసారి' కోసం కిటికీ తెరలు కూడా ఉతికి ఆరేశాను.

"చేసుకుంటే చేసుకున్నావులే జెంజీ. మాతో ఒక్క మాట అంటే మేమేమన్నా అడ్డుపడేవాళ్లమా?" అంది అగాథా గారు.

దేనికి అడ్డుపడటం అని అడిగాను. ఆవిడ చేతిసంచిలోంచి ఒక రంగుల కార్డు తీసి నా ముక్కు కింద పెట్టింది. వైట్ హెరాన్ బేకింగ్ పౌడర్ డబ్బా కొంటే కిరాణా కొట్లో ఊరికే ఇచ్చే కార్డు అది. దాని మీద తెల్ల ఏప్రన్ కట్టుకుని, పొగలు కక్కే బిస్కెట్ రొట్టెల పళ్లెం పట్టుకుని నవ్వుతున్నది నేనే. నా కుడిచేతి ఉంగరం వేలికి బంగారు రంగులో ఉంగరం మెరుస్తోంది.

మా జర్మన్ వాళ్లలో ఎడమచేతికి ఉంగరం ఉంటే నిశ్చయమైందని, కుడిచేతికి ఉంటే పెళ్లయిందని అర్థం. ఇది మా పసిపిల్లలకు కూడా తెలుసు. లోరెంజ్ మేకులు కొనడానికి కొట్టుకు వెళ్లి, గుమ్మానికి వేలాడుతున్న నన్ను చూశాడట. మేకులు కొనకుండానే ఇంటికి వెళ్లిపోయాడట. మరో పిల్లను చూడటానికి బండి కట్టుకుని వెళ్లాడని, అక్కడ మాట కుదిరిపోయిందని అగాథా గారు మొహం మాడ్చుకుని చెప్పింది. అది బొమ్మేనమ్మా, నా చెయ్యి చూడండి అని నేను చేతి తొడుగు లాగి చూపించాను. బోడి వేళ్లు చలికి ఎర్రబడి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసి, కార్డును చూసి, ఇంట్లో దాచిపెట్టి వచ్చి ఉంటావులే అన్నట్టు పెదవి విరిచి వెళ్లిపోయింది.

నేను ఆ మెట్ల మీదే నిలబడిపోయాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే లోరెంజ్ చేజారినందుకు కన్నీళ్లు రాలేదు, అది నాకే వింతగా అనిపించింది. కానీ ఒళ్లు మాత్రం బాగా మండింది. పగలంతా పౌడర్ దుమ్ము పీల్చి దగ్గే బతుకు నుంచి బయటపడే దారి అది. దాన్ని ఒక ఉంగరం మూసేసింది. ఆ ఉంగరం నేను పెట్టుకున్నది కాదు. ఎవరు పెట్టారో మాత్రం తెలుసు.

ఓత్మార్ పెట్టాడు. కాలువ పక్కన లూకెన్ గారి రాతి అచ్చాఫీసులో బొమ్మలు గీసేవాడు. మా నాన్న వెండెలిన్ కూడా అక్కడే అచ్చు రాళ్ల మీది పాత బొమ్మలు అరగదీసే పని చేస్తాడు. బవేరియాలో మా ఊరి గనుల నుంచి ఓడెక్కి వచ్చే నున్నటి సున్నపురాళ్ల మీదే ఈ బొమ్మలన్నీ గీసి కాగితాల మీద అచ్చు వేస్తారు కాబట్టి, అమెరికాలో ఏ మంచి బొమ్మ చూసినా అది మా ఊరిదే అని మా నాన్న వాదన. నేను రెండు వీధుల అవతల వైట్ హెరాన్ ఫ్యాక్టరీలో డబ్బాలు నింపి లేబుళ్లు అంటిస్తాను. మధ్యాహ్నం నాన్నకు భోజనం క్యారియర్ అందించి వెళ్తుంటాను. అలా ఓత్మార్ నన్ను రోజూ చూసేవాడు. చూసేవాడని నేననుకుంటున్నాను. అతను ఎప్పుడు తల ఎత్తాడో నాకు గుర్తు లేదు.

మా కంపెనీ వాళ్లు కార్డు మీదకి శుభ్రంగా కనిపించే ఒక ఇల్లాలి బొమ్మ కావాలని అడిగితే, మీ అమ్మాయి కూర్చుంటుందా అని అతనే మా నాన్నను అడిగాడు. ఎండాకాలమంతా శనివారం మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఓత్మార్ పళ్లెంలో రొట్టెల బదులు నాన్న రాళ్లు రుద్దే నురుగురాళ్లు పేర్చి ఇచ్చాడు. అవి చూస్తే నాకే నవ్వొచ్చేది. నిజానికి మా ఇంట్లో ఆ పౌడర్ అడుగుపెట్టడానికి వీల్లేదు. పులిసిన పిండితో చేసింది రొట్టె గానీ, బూడిద చల్లితే పొంగేది రొట్టె ఎలా అవుతుందని నాన్న పోట్లాడతాడు. అన్ని శనివారాల్లో ఓత్మార్ నాతో మాట్లాడింది, కొంచెం కిటికీ వైపు తిరగండి అన్న మాటే. ఇంకేమైనా అన్నాడేమోనని చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. ఏమీ లేదు.

కార్డులు వచ్చాక నేను వాటిని సరిగా చూడనే లేదు. సొంత ముఖం పెట్టెల కొద్దీ వచ్చి పడుతుంటే ఎవరికైనా సిగ్గేస్తుంది. లేబుళ్లు అంటించే ఆడవాళ్లు ఆటపట్టిస్తారని తల వంచుకుని పని చేసుకున్నాను. ఉంగరం సంగతి వాళ్లు గమనించే ఉంటారు. నాతో ఎందుకు అనలేదో, నా వెనక ఏమనుకున్నారో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

చర్చి నుంచి ఇంటికి రాగానే కార్డు నాన్న ముందు పడేశాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. పొరపాటై ఉంటుంది అన్నాడు. రాయి మీద బొమ్మంతా తిరగేసి గీయాలి. రాయి మీద కుడి కాగితం మీద ఎడమ అవుతుంది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు ఇలాంటివి తిప్పడం మర్చిపోతారు. నా ప్రాణం కుదుటపడింది. పొరపాటైతే కోపం తెచ్చుకుని ఊరుకోవచ్చు.

అంతలోనే ఆయన, ఓత్మార్ కొత్తవాడు కాదుగా అన్నాడు. ఆ మనిషి పక్కన అద్దం లేకుండా గీత గీయడు. గీశాక అద్దంలో చూడకుండా రాయి వదలడు. "నీ ఎడమబుగ్గ మీద పుట్టుమచ్చ చూడు. కార్డులో ఎడమబుగ్గ మీదే ఉంది. అన్నీ తిప్పినవాడు ఉంగరం ఒక్కటీ ఎందుకు తిప్పడు?" అన్నాడు. అంటే కావాలనే పెట్టాడా అని అడిగాను. అలా అని కూడా చెప్పలేమన్నాడు. ఒక్కో రంగుకీ ఒక్కో రాయి ఉంటుంది, ఉంగరం పసుపు రంగు రాయి మీదిది, ఆ రాయి చివర్లో గీస్తారు, అప్పటికి కళ్లు అలిసిపోయి ఉంటాయి, పొరపాటు జరగొచ్చు. మరి పొరపాటేనా అంటే, ఓత్మార్ పొరపాటు చెయ్యడే అన్నాడు. అలా సూప్ చల్లారిపోయేదాకా అటూ ఇటూ తిరిగి, చివరికి నీకెందుకే ఇదంతా, వాడినే అడుగు అని కసురుకున్నాడు.

ఆ సాయంత్రం గోడ మీది అద్దం ముందు పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. నా కుడిచెయ్యి అద్దంలో ఉన్నామెకు ఎడమచెయ్యి. ఆమెను రాయి మీద గీస్తే, ఆ రాయి కాగితం మీద పడితే, అప్పుడు ఉంగరం ఎవరి చేతికి ఉన్నట్టు? తల తిరిగిపోయింది. పళ్లెం బల్ల మీద పెట్టేశాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ ఉంగరం పొరపాటు అయితే, నా సంబంధం ఉత్తపుణ్యానికి చెడింది. పొరపాటు కాకపోతే, ఒక మనిషి నన్ను ఒక్క మాట కూడా అడగకుండా ఊరంతటికీ నన్ను ఇల్లాలిని చేసి చూపించాడు. రెండింటికీ కోపమే రావాలి. కానీ రెండో దాని గురించి ఆలోచిస్తుంటే వచ్చేది కోపమో కాదో నాకే అంతుపట్టలేదు.

మర్నాడు క్యారియర్ తీసుకుని అచ్చాఫీసుకు వెళ్లేసరికి మేడ మీద పెద్ద గొడవ జరుగుతోంది. మా కంపెనీ నుంచి పెల్టన్ గారు వచ్చాడు. ఆయన అమెరికా మనిషి. వాళ్లలో పెళ్లి ఉంగరం ఎడమచేతికి ఉంటుంది. కొన్ని ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఫిర్యాదు చేశారట. ఈ ఇల్లాలికి ఉంగరం తప్పు చేతికి ఉంది, బొమ్మ తిరగబడి అచ్చయింది, బొమ్మే సరిగా వెయ్యలేనివాళ్లు పౌడర్ ఏం సరిగా కలుపుతారు అని. ఎదుటి కంపెనీ పౌడర్లో పటిక కలుపుతారని మేమూ, మా పౌడర్ మీద ఇంకోటి వాళ్లూ పేపర్లలో తిట్టుకుంటున్న రోజులవి. ఆ సమయంలో వాళ్లకి ఈ ఉంగరం దొరికిందని పెల్టన్ గారు ఊగిపోతున్నాడు.

యజమాని లూకెన్ గారికి బొమ్మ తిరగబడిందంటే ప్రాణం పోయినంత పని. బల్ల మీద బొమ్మ ఉన్న రాయి పెట్టించి, పక్కన కార్డు, కార్డు ముందు అద్దం పెట్టించాడు. రాయి మీద ఉంగరం ఎడమచేతికి ఉంది కదా అన్నాడు. కాబట్టి కార్డు మీద కుడిచేతికి వచ్చింది అన్నాడు పెల్టన్ గారు. అద్దంలో మళ్లీ ఎడమకి వచ్చింది కదా అని లూకెన్ గారు గెలిచినట్టు చూశాడు. మా కొనుగోలుదార్లు కార్డును అద్దంలో చూస్తారా అని పెల్టన్ గారు అడిగాడు. లూకెన్ గారు తన రెండు చేతులూ పైకెత్తి, బొమ్మకు ఎదురుగా నిలబడి, తర్వాత బొమ్మకు వీపు పెట్టి నిలబడి, ఏది ఏ చెయ్యో తేల్చుకోలేక చేతులు దించేశాడు. అచ్చు యంత్రాల దగ్గరి మనుషులు కూడా చేతులు ఎత్తి చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన కుడిచేత్తో భోజనం చేస్తాను కాబట్టి ఇదే కుడి అని ప్రకటించాడు. అది ఎడమచెయ్యి అని పక్కవాడు అన్నాడు.

ఓత్మార్ మాత్రం కదలకుండా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. చివరికి లూకెన్ గారు అతని వైపు తిరిగి, అందరి ముందూ అడిగాడు. తిప్పడం మరిచిపోయి గీశావా, లేక తెలిసే గీశావా అని. మరిచిపోతే దిద్దుకుందాం. తెలిసి గీస్తే మాత్రం అడిగినది గీయని మనిషి నాకు అక్కర్లేదు, నీ కత్తులూ కలాలూ సర్దుకో అన్నాడు.

నేను గుమ్మంలో క్యారియర్ పట్టుకుని నిలబడ్డాను. ఓత్మార్ నన్ను చూశాడు. ఈసారి తల ఎత్తాడు, నేను చూశాను.

"పొరపాటే" అన్నాడు.

లోరెంజ్ చేజారాడని విన్నప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. క్యారియర్ మెట్ల మీద పెట్టేసి ఫ్యాక్టరీకి పరుగెత్తాను. ఆ రోజు అంటించిన లేబుళ్లన్నీ వంకరగా పడ్డాయి. మేస్త్రీ దెప్పిపొడిచింది. పౌడర్ దుమ్ము కళ్లలో పడిందని చెప్పాను. నాకేం కావాలో నాకే తెలియనప్పుడు, అది దొరకలేదని ఎందుకు ఏడుస్తున్నానో ఎవరికి చెప్పుకోను?

ఆ వారంలోనే లూకెన్ గారు నాన్నతో కబురు పంపాడు. కుడిచేతి ఉంగరం రాయి మీద గీకేస్తే సరిపోతుంది గానీ, ఎడమచెయ్యి పళ్లెం వెనక దాక్కుని ఉంది, అది కనిపించేలా కొత్తగా గీయాలి. శనివారం జెంజి వచ్చి కూర్చోవాలి. వెళ్లనన్నాను. వెళ్లకపోతే ఓత్మార్ పని పోతుందని నాన్న అన్నాడు. పోతే పోనీ అన్నాను. శనివారం మధ్యాహ్నం మంచి గౌను వేసుకుని వెళ్లాను. ఎందుకు వేసుకున్నానని మాత్రం అడక్కండి.

మేడ మీద మేమిద్దరమే ఉన్నాం. కింద నాన్న రాయి మీద ఇసుకా నీళ్లూ పోసి ఇంకో రాయితో గుండ్రంగా రుద్దుతున్న చప్పుడు నేల చెక్కల్లోంచి వస్తోంది. లూకెన్ గారి భార్య తన పెళ్లి ఉంగరం అరువిచ్చి పంపింది. అది నా ఎడమ వేలికి వదులుగా ఉండి జారిపోతోంది. పళ్లెం కాస్త పక్కకి పట్టుకోమని, వేళ్లు విప్పమని ఓత్మార్ చెప్పాడు. గీయడం మొదలుపెట్టాడు. నేను ఎంతసేపు ఊరుకోగలనో మా నాన్నని అడగండి.

"మొన్న యజమానిగారితో పొరపాటే అన్నారు. నిజమేనా?" అన్నాను.

అతను గీయడం ఆపలేదు. "పెల్టన్ గారికి అది పొరపాటే" అన్నాడు.

"నేనడిగేది మీ సంగతి."

కలం ఆగింది. దాన్ని తుడిచి, పెట్టెలో పెట్టి, మళ్లీ తీశాడు. కావాలని పెట్టలేదని చెప్పాడు. తిప్పడం మర్చిపోలేదని కూడా చెప్పాడు. రెండూ ఎలా కుదురుతాయని నేను పళ్లెం దించేశాను. అతను నా వైపు కాకుండా, రాయి మీది నా వైపు చూస్తూ మాట్లాడాడు.

"గీశాక అద్దంలో చూశాను. ఎప్పుడూ చూస్తాను. ఆ రోజు చాలాసేపు చూశాను. ఎక్కడా తప్పు కనపళ్లేదు. పెల్టన్ గారొచ్చి చెప్పేదాకా నాకు తెలీదు."

"అమెరికా ఆవిడ బొమ్మ అది. కుడిచేతికి ఉంగరం ఉంటే మీకు తప్పనిపించలేదా?"

"ఇంట్లో ఆడవాళ్లకి అక్కడేగా ఉండేది. మా అమ్మకీ అక్కడే ఉండేది."

"నేను మీ ఇంట్లో ఆడదాన్ని కాదుగా."

అతని మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. కింద రాయి చప్పుడు ఆగకుండా తిరుగుతూనే ఉంది.

"అదే మర్చిపోయాను" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఇన్నాళ్లూ కుడి ఎడమలతో కొట్టుకున్న బుర్ర అది. ఈ మనిషి పుట్టుమచ్చ మర్చిపోలేదు, పళ్లెం మర్చిపోలేదు, కాగితం మీద ఏది ఎటు పడుతుందో మర్చిపోలేదు. నేను తన భార్యను కానన్న సంగతి ఒక్కటి మర్చిపోయాడు. వేసవి అంతా ఎదురుగా కూర్చోబెట్టుకుని, కిటికీ వైపు తిరగమనడం తప్ప ఇంకో మాట అనకుండా, నాతో కాపురం చేస్తున్నాడు. సంతోషం ముంచుకొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది.

"నాకు చెప్పకుండానే నన్ను పెళ్లి చేసేసుకున్నారా?" అన్నాను.

తప్పు పట్టుబడ్డవాడిలా తల ఊపాడు.

"వచ్చిన సంబంధం మీ వల్ల పోయింది. తెలుసా?"

తెలుసన్నాడు. వెండెలిన్ గారు చెప్పాడని, విని బాధపడాలనుకున్నానని, బాధ రాలేదని, అందుకు సిగ్గుపడ్డానని గడగడా చెప్పేశాడు. అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. మరి అందరి ముందూ పొరపాటు అని ఎందుకన్నారని అడిగాను. అడగకుండా చేసిన దాన్ని అందరి ముందూ ఎలా ఒప్పుకోను, మీ పరువు ఏమవుతుంది అన్నాడు. నా పరువు అప్పటికే ఇండియానా కొట్ల గుమ్మాలకు వేలాడుతోందని గుర్తు చేశాను.

లూకెన్ గారి భార్య ఉంగరం తీసి రాయి పక్కన పెట్టాను. నా ఎడమచెయ్యి ఇవ్వనని, ఉంగరం ఎవరిదో ఆవిడనే పిలిచి ఆవిడ చెయ్యే గీసుకోమని చెప్పాను. నా ముఖానికి ఆవిడ లావు చెయ్యి అతికితే పెల్టన్ గారికి తెలియనే తెలియదు.

"మరి మీరు..." అన్నాడు, అయోమయంగా.

"మా నాన్న కిందే ఉన్నాడు. దిగి వెళ్లి ఆయన్ని అడగండి. అద్దం అక్కర్లేదు, నోటితో అడిగితే చాలు."

ఏప్రన్ విప్పడం కూడా మర్చిపోయి దిగాడు. మెట్ల మీద ఎక్కడో సగంలో ఆగాడు, మళ్లీ దిగాడు. ఏం మాట్లాడాడో నాకు వినపడలేదు. కింద రాయి మీద రాయి తిరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.